తొమ్మిదో బ్లాకు ఎనుములు

ఎనుమును కరెంటు ఫ్యాక్టరీగా మార్చిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడు ఇప్పుడు అరుగు మీద కూర్చుని, కళ్లజోడు కాడ విరిగితే దారం చుట్టుకుని, మీకోసం ఈ కథ రాస్తున్నాడు. పేరు ఓబుళప్ప. చదువు మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా. ఆ పైన చెప్పడానికి మా అయ్యవారి దగ్గర ఏమీ మిగల్లేదు. గొప్పలు పోతున్నాననుకోకండి. మా మండలం మొత్తం మీద గొప్పలు చెప్పుకునే అలవాటు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఎనుము అనేది మా సీమ మాట. మీరు గేదె అనుకుంటారో బర్రె అనుకుంటారో మీ ఇష్టం. పాలు అవే, తోక అదే.

మా ఊరు బొమ్మరాళ్లపల్లె. మూడు పక్కలా పలకలు, నాలుగో పక్క గుట్ట. పలకలంటే బడిపిల్లలవి కాదు, ఎండను కరెంటు చేసేవి. కంపెనీవాళ్లు సోలార్ ప్యానెల్ అంటారు, ఆఫీసువాళ్లు సౌరఫలకము అంటారు. చినుకు చూడని మా మెట్టచేలన్నీ వాటికే కౌలుకిచ్చాం. గుట్టెక్కి చూస్తే నల్లటి చెరువు నిండినట్టు కనబడుతుంది. ఒకసారి కొంగల గుంపు ఒకటి నిజంగా చెరువే అనుకుని దిగింది. ముక్కులు నొప్పెట్టి, మమ్మల్ని తిట్టుకుంటూ లేచిపోయింది. ఏమని తిట్టాయో విన్నాను గానీ ఇక్కడ రాయకూడదు.

అక్కడ పుట్టిన కరెంటు మా నెత్తి మీదుగా పట్నాలకు పోతుంది. తీగల కింద నిలబడితే జుమ్మని రొద వినిపిస్తుంది. మా వాటా ఆ రొద వరకే. మా ఊరికొచ్చే కరెంటు వేరే, అది కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చినా కాళ్లు కడుక్కునేలోపే లేచిపోతుంది.

దాన్నయినా భరించాం. నీళ్లతోనే వచ్చింది చిక్కు. పలక మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందట. అందుకని వాటిని కడగాలి. కడగడానికి కంపెనీ పొలిమేర పొడుగునా లోతు బోర్లు దింపింది. మా ఊరి బోరు మొదట దగ్గింది, తర్వాత గాలి ఊదింది, ఆ తర్వాత నోరు మూసుకుంది. కడిగే నీళ్ల ట్యాంకరు మాత్రం మా వీధిలోంచే పోయేది. వెనక కుళాయి నుంచి బొట్లు రాలుతుంటే మా ఊరి కుక్కలు దాని వెంట నడిచేవి. కోళ్లు కుక్కల వెంట నడిచేవి. మేం మర్యాదస్థులం కాబట్టి అరుగుల మీద కూర్చుని చూసేవాళ్లం.

మా ఊళ్లో ఈరక్క అని ఉంది. నాకు వరసకు కోడలు, మామా అని పిలుస్తుంది, ఆ పిలుపులో గౌరవం ఎంతుందో నేనింతవరకూ తేల్చుకోలేదు. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది రెండు ఎనుములు, నల్లమ్మి, గంగి. వాటి పాలు కంపెనీ క్యాంటీనుకు పోస్తుంది. ఆఫీసర్లు తాగే టీ మా ఈరక్క పాలతోనే. ఎనుముకు తాగడానికి నీళ్లు కావాలి, పొర్లడానికి నీళ్లు కావాలి. ఈరక్క పక్కూరి తోటబావికి పోయి, అక్కడి వాళ్ల మాటలు పడి, కడవలతో మోసుకొచ్చేది. తాను తాగిందో లేదో గానీ ఎనుములకు మాత్రం పోసేది. అయినా పాలు తగ్గాయి. పశువుల సంత బేరగాడు తిరుపాలు వచ్చి, ఎనుముల పళ్లు చూసి, పక్కటెముకలు తడిమి పోయాడు.

"ఉగాది దాకా చూస్తా మామా," అంది ఈరక్క నాతో. "ఆలోగా ఊళ్లోకి నీళ్లు రాకపోతే వీటిని తిరుపాలు చేతిలో పెట్టి బెంగళూరు పోతా. ఇటుకలు మోయడం కష్టం కాదు. వీటి మొహాలు చూడకుండా మోయడమే కష్టం."

సరే, ఊరంతా కలిసి ఆఫీసుకు పోయాం. ఆ ఆఫీసు పేరు సూర్యరశ్మి సద్వినియోగ ప్రాధికార సంస్థ. పేరు పూర్తిగా పలికేసరికి దాహమవుతుంది. దానికి మా ప్రాంతపు అధికారి వైకుంఠరావు గారు. మంచి మనిషి, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఆయన వెనకాల పెద్ద నీళ్ల క్యాను బోర్లించి ఉంది. ఉండుండి దాన్లో ఒక బుడగ లేచేది. మేం ఆయన మొహం చూస్తూ ఆ బుడగనే చూశాం.

ఆయన మా గోడు పూర్తిగా విన్నాడు. విని, గొంతు సవరించుకుని, ఈ ప్రాంతమందలి సమస్త జలము ఫలక ప్రక్షాళన పద్దు కింద మంజూరైనదని, మానవుల పద్దు తమ పరిధిలో లేదని చెప్పాడు. మానవుల పద్దు ఎవరి పరిధిలో ఉంటుందని నేనడిగాను. మంచినీళ్ల శాఖలో ఉంటుందన్నాడు. మంచినీళ్ల శాఖకు మేం అంతకుముందే పోయొచ్చాం. మీ ఊరు ప్రకటిత సౌరప్రాంతంలో కలిసింది, ప్రాధికార సంస్థను అడగండని వాళ్లే పంపారు. ఆ సంగతి చెబితే వైకుంఠరావు గారు సంతోషించాడు. రెండు శాఖల మధ్య ఇంత చక్కటి సమన్వయం తన సర్వీసులో చూడలేదన్నాడు.

ఈరక్క కొంగు బిగించి ముందుకొచ్చింది. "అది కాదు సామీ, పలకకు నీళ్లుండి మనిషికి లేకపోతే ఎట్లా?"

ఆయన విసుక్కోలేదు. శాస్త్రీయంగా వివరించాడు. ఫలకమును కడగనిచో దాని సామర్థ్యము ఇంత శాతం పడిపోవునని లెక్క ఉన్నది. మనిషిని కడగనిచో ఏమి పడిపోవునో ఇంతవరకు ఎవరూ లెక్కగట్టలేదు. లెక్క లేనిదానికి నీరు విడుదల చేయుట ఎట్లు? పైగా భూగోళం వేడెక్కుచున్నది, ఆ వేడిని తగ్గించే మహాయజ్ఞంలో మీ గ్రామం త్యాగం చేయుచున్నది, ఇది మీ అదృష్టం. భూగోళం సంగతి నాకు తెలియదు, మా ఊరు వేడెక్కిందని మాత్రం నేనే చెప్పగలను. ఆ ఎండాకాలం మా కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి.

త్యాగానికి గుర్తుగా ఆయన మాకు తలా ఒక వేపమొక్క ఇచ్చాడు. రోజూ తప్పకుండా నీళ్లు పోయాలని చెప్పి పంపాడు.

ఇంతలో పెద్దగాలి ఒకటి వచ్చింది. కంపెనీ పలకలు కొన్ని పగిలాయి. పగిలినవాటిని కంచె బయట, మా శ్మశానం పక్క గుట్టలాగా పారేశారు. ఈరక్క అందులో ఒకటి నెత్తిన పెట్టుకుని తెచ్చి ఎనుముల కొట్టానికి చూరుగా ఏటవాలుగా ఆనించింది. నల్లటిది కదా, ఎండకు పెనంలా కాలేది. ఆమె దాని మీద పిడకలు కొట్టింది. మామూలు గోడ మీద రెండు రోజులకు ఎండే పిడక దాని మీద పొద్దున కొడితే మధ్యాహ్నానికి ఎండిపోయేది. సౌరశక్తిని మా ఊరు వాడుకోవడం అదే మొదలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త ఉత్తర్వు వచ్చింది. రాజధాని నుంచి పెద్దసారు ఎప్పుడో తనిఖీకి వచ్చినప్పుడు ఒక పలక మీద కాకి రెట్ట కనబడిందట. ఆయన మనసు కలత చెంది ఇలా రాయించాడు: ప్రకటిత ప్రాంత పరిధిలో ఎచ్చట కంటబడినను, ఏ స్థితిలో ఉన్నను, మలినముతో కూడిన ఫలకము ఒక్కటైనను మిగిలిన యెడల ప్రక్షాళన సిబ్బందిని తక్షణము తొలగించడమగును.

ట్యాంకరు నడిపేవాడు దాదాపీరు. పలకలు కడిగేది కూడా అతనే, అతని మనుషులే. ఉత్తర్వు జేబులో పెట్టుకుని మా వీధిలో పోతూ ఈరక్క కొట్టం దగ్గర సడన్ బ్రేకు కొట్టాడు. ప్రకటిత ప్రాంతంలో, పట్టపగలు, ఒక పలక. దాని మీద వరసగా పిడకలు. ఆ పలక పగిలిందని, దానికి తీగ లేదని, అది చూరని ఈరక్క చెప్పింది. దాదాపీరు తల పట్టుకున్నాడు.

"అక్కా, ఏ స్థితిలో ఉన్నా అని రాసుండారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. నీ పిడకలు నువ్వు తీసుకో, నా పలక నన్ను కడగనీ."

పైపు విప్పి కడిగాడు. మామూలు నీళ్లు కాదు, పలకల మీద ఉప్పు మరకలు పడకూడదని మిషన్లో శుద్ధి చేసిన నీళ్లు. పలక మీంచి ధారగా కారి కింద తొట్లో పడ్డాయి. నల్లమ్మి మూతి పెట్టింది. దాదాపీరు కడుగుతూనే ఉన్నాడు, నల్లమ్మి తాగుతూనే ఉంది. ఈరక్క కాసేపు పలకను చూసింది, కాసేపు ఎనుమును చూసింది, తర్వాత లోపలికి పోయి ఖాళీ కడవలన్నీ తెచ్చి చూరు కింద వరసగా పెట్టింది.

"రేపు కూడా పిడకలు కొడతావా అక్కా?" అన్నాడు దాదాపీరు, సంగతి అర్థమై.

"దినామూ కొడతా నాయినా."

ఆ సాయంత్రానికి శ్మశానం పక్క గుట్ట కరిగిపోయింది. ఊళ్లో ప్రతి ఇంటి మీదా ఒక పలక లేచింది. పలకలు సూర్యుడి వైపు తిరిగి ఉండాలంటారు, మావి బిందెల వైపు తిరిగాయి. బడి మీద ఒకటి, చావడి మీద రెండు, మంగలి కుర్చీకి గొడుగులా ఒకటి. ప్రతి ఇంటివాళ్లూ తమ పలక మురిగ్గా ఉండేలా శ్రద్ధ తీసుకునేవాళ్లు. అత్తాకోడళ్లు కలిసి దుమ్ము పోసే ఇళ్లు చూశాను. పక్కింటి పలక ఎక్కువ మురిగ్గా ఉందని తగువులు కూడా పడ్డారు. దాదాపీరు అలసిపోతే అతనికి మజ్జిగ ఇచ్చి, కుర్చీ వేసి, మా పలకలు మేమే కడుక్కున్నాం.

అలా జోరుగా సాగుతుండగా నీళ్లు ఎందుకు ఎక్కువ ఖర్చవుతున్నాయో చూడ్డానికి వైకుంఠరావు గారు జీపులో దిగాడు. వీధి మొదట్లో ఆయన మొహం ఎర్రగా ఉంది. దొంగతనమన్నాడు, సామగ్రి అపహరణమన్నాడు, అన్నీ పీకించి అందర్నీ స్టేషనుకు పంపుతానన్నాడు. వీధి మధ్యకొచ్చేసరికి నడక నెమ్మదించింది. వీధి చివరకొచ్చేసరికి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. సంగతేమిటంటే, ఆ సంవత్సరం ఆయన కొత్తగా ఎన్ని పలకలు నిలబెట్టాలో పైవాళ్లు లక్ష్యం పెట్టారు. గాలికి పగిలినవి పోగా ఆయన లక్ష్యం అడుగంటింది. ఇక్కడ చూస్తే ఊరినిండా పలకలు.

"ఓబుళప్పా," అన్నాడు గొంతు మార్చి, "ఇది అపహరణము కాదు. వికేంద్రీకృత ప్రజాభాగస్వామ్య ఉత్పాదన."

తీగల్లేవు కదా సారూ అన్నాను. తీగలు తదుపరి దశ అన్నాడు. పగిలాయి కదా అన్నాను. ఉత్తర్వులలో ఫలకము అని ఉన్నది గాని పగలని ఫలకము అని లేదన్నాడు. ఆ పూటే మా ఊరికి తొమ్మిదో బ్లాకు అని పేరు పెట్టాడు.

బ్లాకు అయ్యాక బ్లాకు నిబంధనలు వచ్చాయి. పొద్దెక్కింది మొదలు పొద్దువాలేదాకా ఫలకాల మీద మనుషుల నీడ పడరాదన్నారు. మా ఊరు మొత్తం నడుము వంచి నడిచింది. నేను కొంచెం పొడగరిని, ఊళ్లో ఉన్న నీడల్లో నాదే పెద్దది. నన్ను పగలంతా అరుగు దిగొద్దని నోటిమాటగా చెప్పారు. నీళ్లొస్తున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఈరక్క ఎనుములు నిగనిగలాడాయి. పాలు మళ్లీ పెరిగాయి. తిరుపాలు దారిలో ఎదురైతే ఈరక్క పలకరించను కూడా లేదు.

ఆ తర్వాత వచ్చింది అసలు నిబంధన. ఉత్పాదన బ్లాకుల యందు పశువులు నిషిద్ధము. ఉగాది లోపల తొలగించవలెను. తొలగించనిచో ప్రాధికార సంస్థయే వేలము వేయును.

ఈరక్క ఆ కాగితం నా చేత రెండుసార్లు చదివించుకుంది. ఎనుముల కోసం తెచ్చిన నీళ్లే ఎనుముల్ని తీసుకుపోతున్నాయని ఆమెకు అర్థమయ్యేసరికి అరుగు మీద కూలబడింది. తిరుపాలుకు కబురు ఎవరు చెప్పారో తెలియదు, మర్నాడే పలుపుతాళ్లు భుజానేసుకుని వచ్చి చావడిలో దిగాడు. ఎలాగూ తప్పదు కదా, వేలంలో వచ్చేదానికన్నా నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తానన్నాడు. ఈరక్క అతనికి జవాబు చెప్పకుండా కొట్టంలోకి పోయింది. లోపల గంగి మెడ పట్టుకుని ఏడ్చిందని వేరేవాళ్లు చెబుతారు. నేను చూడలేదు, చూసినా రాయను.

ఇప్పుడు వినండి. పలకలకు నంబర్లు వేయడానికి పట్నం నుంచి ఒక సర్వేయరు ఆ పూటే వస్తున్నాడు. నంబరు పడ్డ ఫలకమును పెద్దసారు సంతకం లేనిదే కదిలించరాదని ఇంకో ఉత్తర్వు ఉంది. ఈరక్క కొట్టంలోంచి బయటికొచ్చి, చూరు మీది పలక దింపింది, పక్కింటామె పలక కూడా దింపింది. నల్లమ్మి వీపు మీద బొంత మడిచి వేసి, దాని మీద పలక పెట్టి, కడుపు కిందుగా తాడు లాగి కట్టింది. గంగికీ అట్లాగే.

ఇక్కడ ఒక చిన్న సవరణ. ఎనుమును కరెంటు ఫ్యాక్టరీ చేసింది నేనేనని మొదట్లో అన్నాను. ఆ సమయంలో నేను గడ్డివామి వెనకాల ఉన్నాను. వద్దు ఈరక్కా, అందర్నీ జైల్లో వేస్తారు, ముసలితనంలో నాకు జైలు కూడు అరగదు అని అక్కడి నుంచే నచ్చజెప్పాను. ఆమె "మామా, మాటలు చాలించి ఆ తాడు కొస పట్టుకో" అంటే వచ్చి పట్టుకున్నాను. అంచేత ఫ్యాక్టరీలో నా వంతు తాడు కొస. కొస లేకపోతే ముడి పడదని మీరూ ఒప్పుకుంటారు.

సర్వేయరు వచ్చాడు. ఎండ, చెమట, బస్సు టైము. పలక కనబడిన చోటల్లా పెయింటుతో నంబరేసి పోతున్నాడు. నల్లమ్మి దగ్గర ఆగి, ఇదేం స్టాండని అడిగాడు.

"నాలుగు కాళ్లది సామీ," అంది ఈరక్క.

అతను రాసుకుని, నంబరేసి, బస్సుకు పరిగెత్తాడు.

వైకుంఠరావు గారికి తెలిసేసరికి లెక్క రాజధానికి పోయింది. ఆయన ఉరుకులతో వచ్చి, నంబర్లు వేసుకుని నెమరేస్తున్న రెండు ఎనుముల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తీసేయమంటే ఫలకాలు తగ్గుతాయి. పెరిగిన సామర్థ్యము తగ్గినట్లు చూపే వీలు ప్రాధికార సంస్థలో ఎక్కడా లేదు. ఎనుము పొద్దున్నే మేతకు తూర్పుకు తిరిగి, సాయంత్రం ఇంటికి పడమరకు తిరుగుతుందా అని ఈరక్కను అడిగాడు. అవునంది. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. సూర్యుని వెంట తిరిగే ఫలకములకు ప్రత్యేక శ్రేణి ఉన్నదని, వాటి విలువ స్థిర ఫలకముల కన్న హెచ్చని చెప్పి, నల్లమ్మిని సూర్యానుగామి ఒకటి అని, గంగిని సూర్యానుగామి రెండు అని నమోదు చేయించాడు. సూర్యానుగాములకు శీతలీకరణ వసతి తప్పనిసరి. అందుకని యంత్రంతో కొట్టం వెనక పెద్ద గుంట తవ్వించి, దాదాపీరు చేత నీళ్లు నింపించాడు.

తిరుపాలు చావడిలో పలుపుతాళ్లు తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఇది ఎన్నాళ్లో సాగదని అతని నమ్మకం. నిజం చెప్పాలంటే మాదీ అదే.

ఉగాది ఇంకా రెండు రోజులుందనగా పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఎనుమును సూర్యానుగామిగా చూపించారని ఎవరో ఫిర్యాదు పెట్టారట. మోసమని తేలితే ఎనుములు వేలానికి, ఈరక్క స్టేషనుకు, వైకుంఠరావు గారు ఎక్కడికో ఆయనకే తెలియాలి. ఆయన పొద్దున్నుంచీ మా ఊళ్లోనే తిరుగుతూ, ఈరక్కను పదేపదే ఒకటే బతిమాలాడు. పెద్దసారు దిగినప్పుడు ఎనుములు అరవకుండా చూడమని.

తెల్ల కార్లు వరసగా వచ్చాయి. పెద్దసారు, ఆయన వెనక టోపీలు పెట్టుకున్న నిపుణులు, వాళ్లకు గొడుగులు పట్టేవాళ్లు. అందరూ నిబంధన ప్రకారం నడుము వంచి వీధిలో నడిచారు. కొట్టం ముందు నల్లమ్మి వీపున పలకతో నిలబడి ఉంది. ఈరక్క పక్కనే పలుపు పట్టుకుని ఉంది. పెద్దసారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"వైకుంఠరావ్," అన్నాడు చివరికి, "ఇది పశువు."

ఈరక్క పలుపు వదిలేసింది. భయంతో వదిలిందో, తెలిసి వదిలిందో, ఇప్పటికీ చెప్పదు. మిట్టమధ్యాహ్నం ఎండ, ఎదురుగా నిండుగా నీళ్ల గుంట. నల్లమ్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గంభీరంగా నడుచుకుంటూ పోయి, గుంటలో దిగి, హాయిగా మోకాళ్లు మడిచింది. నీళ్ల మీద ముక్కుపుటాలు, ఆ వెనక పలక. అంతే కనబడుతోంది. పలక నెమ్మదిగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సాగింది.

అందరికన్నా ముందు ఒక టోపీ నిపుణుడి నోరు తెరుచుకుంది. నీటి మీద తేలే ఫలకాలు అప్పుడు దేశమంతా కొత్త మోజు. ప్రతి జిల్లాలోనూ ఒకటి ఉండాలని పైన పట్టుబడుతున్నారు, మా జిల్లాలో పలక తేల్చడానికి నీళ్లే లేవు.

"ఫ్లోటింగా?" అన్నాడు పెద్దసారు, మెల్లగా.

వైకుంఠరావు గారు ఒకడుగు ముందుకేశాడు. "అవును సార్. స్వయంచాలిత జలతల సౌర విభాగము. రాష్ట్రంలో ప్రప్రథమము."

పెద్దసారు గుంట చుట్టూ ఒకసారి నడిచాడు. నడక మారింది. ఇంధన ఖర్చెంతని అడిగాడు. ఎండుగడ్డి సార్, పూర్తిగా పునరుత్పాదక వనరు అన్నాడు మా వైకుంఠరావు గారు. అప్పుడే నల్లమ్మి వెనక నీళ్లలో పెద్ద పెద్ద బుడగలు లేచాయి. అవేమిటని ఒక నిపుణుడు వంగి చూడబోయాడు. ప్రాణవాయువు విడుదల సార్, అన్నాడు వైకుంఠరావు గారు ఆయన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగుతూ. నిపుణులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు గంగి కూడా వచ్చి దిగింది, సామర్థ్యం అక్కడికక్కడే రెట్టింపైంది.

పెద్దసారు అక్కడే నిలబడి ఉత్తర్వులు చెబుతుంటే వెనకాయన రాసుకున్నాడు. జలతల విభాగమునకు నీటిమట్టము ఎన్నడును తగ్గరాదు. కావున కంపెనీ లోతు బోర్ల నీటిలో మొదటి వాటా తొమ్మిదో బ్లాకునకే, మిగిలినదే ఇతర ఫలకములకు. నీటిని తోడు మోటారునకు రేయింబవళ్లు కరెంటు ఉండవలెను. కావున నెత్తి మీది తీగ నుంచి బ్లాకునకు ప్రత్యేక లైను. బ్లాకులో నంబరు గల ప్రతి యూనిట్టుకు, అంటే ప్రతి ఇంటికి, ఒక ప్రక్షాళన కుళాయి, ఒక దీపము. స్వయంచాలిత విభాగములను కదిలించుట, అమ్ముట, వేలము వేయుట శిక్షార్హము. మేం ఎన్నేళ్లుగానో అడిగినవన్నీ వరసగా వస్తుంటే నేను అరుగు మీదే నడుము నిటారుగా చేసి లేచి నిలబడ్డాను. నా నీడ ఎవరి పలక మీద పడిందో కూడా చూసుకోలేదు.

కారెక్కబోతూ పెద్దసారు ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. వెనక్కి తిరిగి ఈరక్కను పిలిచి, మీకు తాగడానికి నీళ్లున్నాయా అమ్మా అని అడిగాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఇంక ఉంటాయి సామీ అంది. ఆయన తలవంచుకుని కాసేపు నిలబడి, అప్పుడు కారెక్కాడు.

ఇప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంట్లో కుళాయి ఉంది. మిషన్లో శుద్ధి చేసిన నీళ్లు, వైకుంఠరావు గారి క్యానులోవాటికన్నా తియ్యగా ఉంటాయి. కరెంటు కొత్తల్లుడి వేషాలు మానేసి ఇల్లరికం వచ్చింది. బోర్డు మీద ఊరి పేరు కొట్టేసి తొమ్మిదో బ్లాకు అని రాశారు. మ్యాపులో కూడా ఊరు లేదట, మనుషులూ లేరట, ఉన్నవన్నీ యూనిట్లే. మనుషులుగా ఉన్నన్నాళ్లూ రానివి యూనిట్లయ్యాక వచ్చాయి కాబట్టి మా ఊళ్లో దీని మీద ఎవరికీ పట్టింపు లేదు. ఉగాది నాడు తిరుపాలు పలుపుతాళ్లు చుట్టుకుని బయల్దేరితే, ఈరక్క ఆపి చెంబెడు మజ్జిగ ఇచ్చింది. అతను తాగి, గుంటలో తేలుతున్న ఎనుముల్ని ఒకసారి చూసి, ఈ బేరం నావల్ల కాదని దండం పెట్టి పోయాడు.

కథ అయిపోయింది. మా ఊళ్లో అరుగు మీద దీన్ని చదివి వినిపిస్తే, ఇందులో ఒకటి మాత్రం అబద్ధం రాశావు మామా అని ఈరక్క వెంటనే పట్టుకుంది. మీరు ఏదనుకుంటున్నారో నాకు తెలుసు. కొంగలు నిజమే, ఉడికిన గుడ్లు నిజమే, బుడగలకు చప్పట్లు కొట్టడం మా ఊరంతా చూసింది. నేను కల్పించింది కారు దగ్గరి మాట ఒక్కటే. పెద్దసారు ఆగలేదు, వెనక్కి తిరగలేదు, తాగడానికి నీళ్లున్నాయా అని అడగలేదు. ఆయనే కాదు, మొదటి నుంచి చివరిదాకా వచ్చిపోయినవాళ్లలో ఎవరూ అడగలేదు. ఇంతమంది అధికారులు తిరిగిన కథలో ఆ మాట ఒక్కరైనా అడగకపోతే మీరు నమ్మరేమోనని నేనే చేర్చాను.